కమిషనర్ గారి బృహద్ధమని

తవిటమ్మ ఎడమ చేతికి నాడి దొరకలేదు. నర్సు వెతికింది, దొరకలేదు. హౌస్ సర్జన్ వెతికాడు, దొరకలేదు. కుడిచేతికి ఉంది కదా, ఒక మనిషికి ఎన్ని నాడులు కావాలేమిటి అనుకున్నాడో ఏమో, కేస్ షీటులో 'నాడి: కలదు' అని రాసి సంతకం పెట్టి పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయాడు.

జిల్లా పెద్దాసుపత్రిలో రేడియాలజీ డాక్టరు కూర్మారావుకి ఆ 'కలదు' రుచించలేదు. ఆయన పందొమ్మిదేళ్లుగా సీటీ గదిలో కూర్చుని మనుషుల లోపలి సంగతులు చూస్తున్నవాడు. బయటి మనుషులతో పెద్దగా పొసగదు. రిపోర్టులో ఒక్క ముక్క అటూ ఇటూ అయినా ఆ పూట అన్నం సయించదు. తవిటమ్మని ఛాతీ ఎక్స్‌రే కోసం పంపిస్తే, ఆవిడ రెండు చేతులూ తనే పట్టుకు చూశాడు. రెండింటికీ బీపీ కొలిచాడు. కుడిచేతికి నూట నలభై, ఎడమచేతికి తొంభై. ఒకే మనిషి, ఒకే గుండె, రెండు లెక్కలు.

తవిటమ్మకి ముప్ఫై ఒకటో ఏడు. జీడిపప్పు కార్ఖానాలో పొట్టు తీసే పని. ఇంట్లో మూడో తరగతి చదివే కూతురు, చూపు ఆనని అత్త. ఎనిమిది నెలలుగా సన్నటి జ్వరం తగ్గడం లేదు. మనిషి సగానికి సగం అయిపోయింది. పప్పు ఒలుస్తుంటే ఎడమ చెయ్యి గంటకే లాగేస్తోంది. ఊళ్లో వైద్యుడు గ్యాస్ అన్నాడు, తరువాతివాడు నీరసం అన్నాడు, ఆ తరువాతివాడు మనసులో ఏదో దిగులు అన్నాడు. చివరివాడు బలానికి ఒక సీసా రాసి, అది తాగితే దిగులు కూడా పోతుందని భరోసా ఇచ్చాడు.

కూర్మారావు ఆవిడని సీటీ యంత్రంలో పడుకోబెట్టి, రంగు మందు ఎక్కించి, గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళాన్ని బొమ్మ తీశాడు. బృహద్ధమని అంటారు దాన్ని. ఒంట్లో రక్తమంతా ముందు దానిలోంచే పోవాలి. మామూలుగా అందరూ గొట్టంలో రక్తం ఎలా పారుతోందో చూసి ఊరుకుంటారు. కూర్మారావు కొంతసేపు ఆగి, గొట్టం గోడ కనబడేలా ఇంకో విడత తీశాడు. గోడ వాచి ఉంది. ఎడమచేతికి వెళ్లే కొమ్మ మొదట్లోనే సన్నబడి దారంలా ఉంది. లక్షల మందిలో ఒకరికి వచ్చే జబ్బు. పుస్తకంలో చదివాడే గానీ, తన యంత్రంలో చూడడం అదే మొదలు. ఆయనకి నిజంగానే సంతోషం వేసింది, వెంటనే ఆ సంతోషానికి సిగ్గూ వేసింది.

మాత్రలు మొదలుపెట్టించాడు. నెల తిరక్కుండా జ్వరం తగ్గింది, ఆకలి పుట్టింది. 'మందులు కనీసం రెండేళ్లు ఆపకూడదు. మూడు నెలలకు మళ్లీ స్కాన్ తీయాలి. గోడ బలహీనపడి ఉబ్బితే ప్రాణాపాయం' అని కేస్ షీటులో నాలుగు లైన్లు రాశాడు. ఆసుపత్రిలో మొదటి లైను దాటి చదివే అలవాటు ఎవరికీ లేదు. ఆ మొదటి లైనులో 'అత్యంత అరుదైన బృహద్ధమని వాపు' అని ఉంది.

ఆ లైను సూపరింటెండెంటు డాక్టర్ పీతాంబరం కళ్లబడింది. పీతాంబరం గారు స్టెతస్కోపు మెడలో వేసుకుని చాలా కాలమైంది, ఇప్పుడు ఎక్కువగా శాలువాలు వేసుకుంటున్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే రాష్ట్రంలో 'అరుదైన వ్యాధుల ఆవిష్కరణ కమిషనర్' అని కొత్త పదవి ఒకటి పుట్టింది. పదవి పుట్టి ఆరు నెలలైనా అరుదైన వ్యాధి ఒక్కటీ దొరక్క, ఆ కమిషనర్ ముళ్ల మీద కూర్చున్నట్టు ఉన్నారు. పీతాంబరం గారు మూడు పేజీల నివేదిక పంపారు. కమిషనర్ గారు పొంగిపోయి పదకొండు పేజీల సర్క్యులర్ పంపారు.

'ప్రజారోగ్య చరిత్రలో సువర్ణాక్షరాలతో లిఖింపదగిన ఈ ఆవిష్కరణను స్ఫూర్తిగా గైకొని, ప్రతి జిల్లా ఆసుపత్రియు నెలకు నలభైకి తగ్గకుండా బృహద్ధమని వాపు కేసులను ఆవిష్కరింపవలెను. లక్ష్యమును చేరుకొనని అధికారుల నుండి వివరణ కోరబడును. వ్యాధి అరుదైనది అను కారణము వివరణగా అంగీకరింపబడదు.'

కూర్మారావు ఆ సర్క్యులర్ పట్టుకుని సూపరింటెండెంటు గదికి పరుగెత్తాడు. జిల్లా మొత్తం గాలించినా ఈ జబ్బు పట్టుమని పది మందికి ఉండదని, నెలకు నలభై అంటే ఎక్కడి నుంచి తేవాలని, ఏ బాధా లేనివాళ్లని ఊరికే యంత్రంలో పెడితే ఆ కిరణాలూ ఆ రంగు మందూ వాళ్లకే చేటని మొత్తుకున్నాడు. పీతాంబరం గారు ఓపిగ్గా విన్నారు.

"కూర్మారావు గారూ, మీరు వ్యాధి వైపు నుంచి ఆలోచిస్తున్నారు. ఒకసారి లక్ష్యం వైపు నుంచి ఆలోచించండి" అన్నారు.

లక్ష్యం వైపు నుంచి ఆలోచించడానికి 'ధమని దర్శిని' అని ఒక యాప్ కూడా వచ్చింది. మనిషి వివరాలు అందులో ఎక్కిస్తే ఒక నంబరు ఇస్తుంది. ఆ నంబరు కొడితే తప్ప సీటీ యంత్రం కదలదు. స్కాన్ అయ్యాక ఫలితం నింపాలి. ఫలితానికి రెండే గళ్లు: 'వాపు నిర్ధారణ అయినది', 'వాపు నిర్ధారణ కానున్నది'. వాపు లేదు అనే గడి లేదు. కూర్మారావు యాప్ వాళ్లకి ఫోన్ చేసి అడిగితే, ఇది ఆవిష్కరణల యాప్ సార్, ఏమీ లేకపోవడం ఆవిష్కరణ కిందికి రాదు కదా అని మర్యాదగా చెప్పారు.

ఇక ఆసుపత్రి వైభవం చెప్పనలవి కాదు. ముందు వాచ్‌మెన్లు స్కాన్ అయ్యారు. తరువాత వంటవాళ్లు, చాకలివాళ్లు, నర్సులు, గుమాస్తాలు. ఆపైన రోగుల్ని చూడ్డానికి వచ్చిన చుట్టాలు. కాలు బెణికి వచ్చినవాడికి ఛాతీ స్కాన్. పుట్టిన తేదీ సర్టిఫికెట్ కోసం వచ్చిన ప్లీడరు గారిని కూడా, ఎలాగూ వచ్చారు కదా అని పడుకోబెట్టేశారు. నిక్షేపంలాంటి ధమనులన్నీ 'నిర్ధారణ కానున్నది' గడిలో చేరాయి. కాలేజీ పిల్లలు అట్టలు పట్టుకుని ఊరంతా ఊరేగారు. 'లక్షణాలు లేవా? అయితే జాగ్రత్త!' అని గోడల మీద రాశారు. అది చదివినవాళ్లలో లక్షణాలు లేనివాళ్లంతా హడలిపోయి ఆసుపత్రికి వరస కట్టారు.

ఆసుపత్రి గేటు మీద పదడుగుల ఫ్లెక్సీ కట్టారు. ఒకపక్క కమిషనర్ గారి నమస్కారం, ఒకపక్క పీతాంబరం గారి శాలువా, మధ్యన 'రాష్ట్ర తొలి ఆవిష్కరణ' అనే అక్షరాల కింద తవిటమ్మ బొమ్మ.

మూడో నెల నిండక ముందే అసలు తవిటమ్మ ఆ ఫ్లెక్సీ కిందికి వచ్చి నిలబడింది. వాచ్‌మన్ ఆవిణ్ని చూశాడు, పైన బొమ్మని చూశాడు, లోపలికి చీటీ ఉందా అని అడిగాడు. చీటీ లేదు. కూర్మారావు మధ్యాహ్నం టీకి బయటికి వచ్చినప్పుడు ఆవిడ గేటు పక్కన గోడకి ఆనుకుని కూలబడి ఉంది.

"వెన్నులో పోటెడతంది బాబూ. రెండు రెక్కల మద్దెన. జొరం మల్లీ ఒచ్చీసింది" అంది.

మాత్రలు మానేసిందేమో అని కూర్మారావు అడిగాడు. మానలేదు. అసలు ఆ మాత్రలు ఆసుపత్రి మందుల గదిలో లేవు. ఆవిష్కరణకి మందులు అక్కర్లేదు గనక ఆ పద్దు కింద మందులు పంపలేదు. రెండో నెల నుంచి కూర్మారావే కొని ఇస్తున్నాడు. మాత్రలు వేసుకుంటున్నా నొప్పి వచ్చిందంటే లోపల గోడ ఉబ్బుతోందన్నమాట. ఉబ్బిందో లేదో స్కాన్ తీస్తే తప్ప తెలియదు. ఉబ్బి ఉంటే రాజధానిలో పెద్ద ఆపరేషన్ చేయాలి. చేయకపోతే ఏదో ఒక రోజు పప్పు ఒలుస్తూ ఒలుస్తూనే ప్రాణం పోతుంది.

యాప్‌లో ఆవిడ పేరు కొట్టాడు. 'ఇప్పటికే ఆవిష్కరింపబడినది. అభినందనలు' అని వచ్చింది. నంబరు రాలేదు.

ఆఫీసులో రూల్సన్నీ నాలుక చివరన ఉంచుకునే మనిషి హెడ్ గుమాస్తా భుజంగరావు. ఆయన ఇంట్లో కూడా కాఫీ కావాలంటే 'కాఫీ కోరడమైనది' అంటారని ప్రతీతి. కూర్మారావు వెళ్లి సంగతంతా చెప్పాడు. భుజంగరావు కళ్లజోడు తీసి తుడిచి పెట్టుకున్నారు.

"ఆవిష్కరింపబడిన కేసు మరల ఆవిష్కరింపబడజాలదు డాక్టరు గారూ. ద్వంద్వ నమోదు అవుతుంది."

"ఆవిడకి కావాల్సింది స్కాన్, ఆవిష్కరణ కాదు."

"యాప్‌లో స్కాన్ అనే మాటే లేదండీ" అన్నారు భుజంగరావు. పాపం, ఆయన నిజమే చెప్పారు.

పోనీ పాత నమోదు రద్దు చేసేస్తే మళ్లీ కొత్తగా దొరికినట్టు చూపించవచ్చు కదా అన్నాడు కూర్మారావు. ఆ మాట పీతాంబరం గారి చెవిన పడేసరికి ఆయనకి ముచ్చెమటలు పోశాయి. రాష్ట్ర తొలి ఆవిష్కరణ రద్దు అయితే రెండోది మొదటిది అవుతుంది. ఆ రెండోది పక్క జిల్లాది. అప్పుడు శాలువా కూడా పక్క జిల్లాకే పోతుంది. అలాంటి మాటలు ఈ గదిలో మళ్లీ ఎత్తవద్దని చేతులు జోడించారు. చికిత్స సంగతి ఏమిటని అడిగితే, దానికి వేరే కమిషనర్ రాబోతున్నారని, ఆ పదవికి పేరు ఆలోచిస్తున్నారని చెప్పారు.

ఊళ్లో ఇంకో సీటీ యంత్రం ఉంది గానీ అది ప్రైవేటుది, లక్ష్యం కోసం దాన్ని కూడా ఆ నెలంతా ప్రభుత్వమే మాట్లాడేసుకుంది. పక్క జిల్లాల్లోనూ, రాజధానిలోనూ అదే యాప్. కూర్మారావు వారం రోజులు తెలిసిన డాక్టర్లందరికీ ఫోన్లు చేశాడు. అందరూ అయ్యో అన్నారు, అందరి యంత్రాల్లోనూ ఆరోగ్యవంతులే ఉన్నారు. తవిటమ్మ మాత్రం పొద్దున్నే వచ్చి గోడ పక్కన కూర్చునేది, సాయంత్రం వెళ్లిపోయేది. రోజురోజుకీ ఆవిడ మొహం పాలిపోతుంటే, తన చేతిలో యంత్రం ఉండి కూడా ఏమీ చేయలేకపోతున్నందుకు ఆయనకి తనమీద తనకే అసహ్యం వేసింది.

అలాంటి పరిస్థితిలో కమిషనర్ గారు స్వయంగా జిల్లాకి వేంచేశారు. రాష్ట్రంలో పదివేలవ ధమనిగా తన ధమనినే స్కాన్ చేయించుకుని ప్రజలకు ఆదర్శంగా నిలవాలని ఆయన సంకల్పం. సన్నాయి మేళం పెట్టారు. సీటీ గది గుమ్మానికి మామిడాకులు కట్టారు. యంత్రానికి బొట్టు పెట్టారు. యాప్‌లో కమిషనర్ గారి వివరాలు నిన్ననే ఎక్కించి, నంబరు తీసి సిద్ధంగా ఉంచారు. పేరు రాయాల్సిన చోట భుజంగరావు పేరు రాయలేదు. అధికారిని పేరుతో ప్రస్తావించడం పద్ధతి కాదు గనక 'కమిషనర్' అని హోదా మాత్రమే రాశారు.

కమిషనర్ గారు వాచీ తీశారు, ఉంగరాలు తీశారు, బల్ల మీద పడుకున్నారు. కెమెరాలు మెరిశాయి. అప్పుడు నర్సు సిరంజి పట్టుకు వచ్చింది. ఆ సిరంజి మామూలుది కాదు, మోచేతి అంత ఉంది.

"ఇదెందుకు?" అన్నారు కమిషనర్ గారు.

రంగు మందండీ అన్నాడు కూర్మారావు. అది లేకుండా ధమని కనబడదన్నాడు. దానికి ముందు అంగీకార పత్రం చదివి వినిపించాలన్నాడు. మామూలుగా ఆ పత్రాన్ని ఎవరూ చదవరు, వేలు చూపించి సంతకం పెట్టించుకుంటారు. ఆవేళ కూర్మారావు మొదటి అక్షరం నుంచి చదివాడు. ఒళ్లంతా వేడెక్కుతుంది, వాంతి రావచ్చు, దద్దుర్లు రావచ్చు, ఊపిరి ఆడకపోవచ్చు, అరుదుగా ప్రాణానికే ముప్పు రావచ్చు.

"అరుదుగా అంటే?"

"మీ సర్క్యులర్ ప్రకారమైతే నెలకి నలభై సార్."

కమిషనర్ గారు లేచి కూర్చున్నారు. చాలా ముఖ్యమైన వీడియో సమావేశం ఒకటి అప్పుడే గుర్తుకొచ్చిందన్నారు. కార్యక్రమం మాత్రం ఆగకూడదని, పదివేలు పదివేలే కావాలని కూడా అన్నారు. భుజంగరావు ఒక్కడుగు ముందుకు వేశారు.

అధికారి హాజరు కాలేని పక్షంలో ప్రతినిధిని పంపడం అనాదిగా ఉన్నదేనని ఆయన విన్నవించారు. యోగా దినాన కమిషనర్ వారి తరఫున అటెండరు శీర్షాసనం వేశాడని, రక్తదాన శిబిరంలో కమిషనర్ వారి తరఫున డ్రైవరు రక్తం ఇచ్చాడని, ఆ రెండూ కమిషనర్ వారి ఖాతాలోనే నమోదైనాయని గుర్తు చేశారు. కమిషనర్ గారి మొహం వికసించింది. ప్రతినిధిని వెతకమన్నారు. తీరా చూస్తే ఆసుపత్రిలో స్కాన్ కాని మనిషి ఒక్కడూ మిగల్లేదు. ప్లీడరు గారు కూడా అయిపోయారు.

కూర్మారావు అప్పటిదాకా ఏ పన్నాగమూ పన్నలేదు. అలాంటివి ఆయనకి చేతకావు. ఆ క్షణంలో మాత్రం నోరు దానంతటదే తెరుచుకుంది.

"గేటు దగ్గర ఒకావిడ ఖాళీగా ఉంది సార్" అన్నాడు.

ఆవిడ ఇదివరకే నమోదైంది కదా అని పీతాంబరం గారు గొణిగారు. స్కాన్ అయ్యేది ఆవిడ కాదు, కమిషనర్ గారు, ఆవిడ వారి తరఫున పడుకుంటుంది అంతే అని భుజంగరావు తేల్చేశారు. రూలు రూలే. రెండు నిమిషాల్లో తవిటమ్మ బల్ల మీద ఉంది. కమిషనర్ గారు యంత్రం మీద చెయ్యి వేసి ఫొటో తీయించుకుని, చప్పట్ల మధ్య సమావేశానికి వెళ్లిపోయారు.

గది ఖాళీ అయ్యాక కూర్మారావు తెర ముందు కూర్చున్నాడు. రక్తం పారుతుండగా ఒక విడత, గోడ కనబడేలా ఇంకో విడత, దేన్నీ వదలకుండా తీశాడు. ఛాతీలో ఒకచోట గోడ పలచబడి బుడగలా ఉబ్బింది. ఇంకా చిట్లలేదు. ఆయన గుక్కెడు నీళ్లు తాగి, ఒక్క ముక్క అటూ ఇటూ పోకుండా రిపోర్టు రాశాడు. 'బృహద్ధమని వాపు నిర్ధారణ అయినది. ఉబ్బు ప్రమాదకర స్థాయిలో ఉన్నది. తక్షణ శస్త్రచికిత్స అవసరం.' పైన పేరు గడిలో 'కమిషనర్' అని ముందే ఉంది.

మీట నొక్కిన పావుగంటకి రాష్ట్రమంతా కదిలింది. యాప్ పుట్టిన తరువాత ఒక రిపోర్టుని చివరి లైను దాకా ఎవరైనా చదవడం అదే మొదటిసారి. మంత్రి గారి పేషీ నుంచి ఫోన్, ప్రధాన కార్యదర్శి నుంచి ఫోన్. గంటలో ఉత్తర్వు వెలువడింది. 'కమిషనర్ వారి బృహద్ధమనికి అత్యవసర శస్త్రచికిత్స నిమిత్తము రాజధానిలోని హృద్రోగ సంస్థలో పడక, వైద్య బృందము, తదనంతర ఔషధములు యావత్తు మంజూరు చేయడమైనది. ఎట్టి జాప్యమూ సహింపబడదు.'

స్ట్రెచరుతో డాక్టర్లు గెస్ట్ హౌసుకి వెళ్లేసరికి కమిషనర్ గారు పెసరట్టు తింటున్నారు. తనకేమీ లేదని ఆయన చెప్పారు. మొదట్లో అందరూ అలాగే అంటారు సార్, ధైర్యంగా ఉండండి అని పీతాంబరం గారు కళ్లు తుడుచుకున్నారు. నాకు లక్షణాలే లేవయ్యా అన్నారు కమిషనర్ గారు. ఆ మాటతో డాక్టర్లకి అనుమానం పూర్తిగా తీరిపోయింది. లక్షణాలు లేకపోతే ఎంత జాగ్రత్తగా ఉండాలో ఆయన గోడల మీద రాయించిందే కదా. ఇద్దరు భుజాలు పట్టుకున్నారు, ఒకరు పెసరట్టు తీసేశారు.

అప్పుడు కమిషనర్ గారు కేక పెట్టి, అది నా ధమని కాదు, ఆ గేటు దగ్గరావిడది అనేశారు. భుజంగరావు గొంతు సవరించుకున్నారు. అలా అయితే స్కాన్ వారిది కానట్టేనని, పదివేలు తొమ్మిదివేల తొమ్మిదివందల తొంభైతొమ్మిది అవుతుందని, నిన్న మంత్రి గారు పదివేలు అని సభలో ప్రకటించారని, ఉత్తర్వు వెనక్కి తీసుకోవాలంటే కమిషనర్ వారు తప్పుడు నమోదు చేయించినట్టు రాతపూర్వకంగా ఒప్పుకోవాల్సి ఉంటుందని వివరించారు. కమిషనర్ గారు ఒకసారి స్ట్రెచరు వైపు, ఒకసారి భుజంగరావు వైపు చూశారు. రెంటిలో ఏది భయంకరమో తేల్చుకోలేకపోయారు.

కూర్మారావు ముందుకు వచ్చాడు. ఆయన గొంతులో కోపం దాగలేదు.

"స్కాన్‌కి మీ తరఫున వెళ్లిన మనిషే ఆపరేషన్‌కి కూడా వెళుతుంది సార్. సంతకం పెట్టండి. ఒక్క గంట ఆలస్యమైతే మీ తరఫున చచ్చిపోవడానికి కూడా ఆవిడే వెళ్లాల్సి వస్తుంది."

అందులో నిబంధనలకు విరుద్ధమైనది ఏమైనా ఉందా అని కమిషనర్ గారు అడిగారు. ఉత్తర్వులో హోదా ఉంది గానీ దేహం ఎవరిదన్నది లేదని భుజంగరావు చెప్పారు. ఆ మాట అంటూ ఆయన ఒక్క క్షణం కూర్మారావు వైపు చూశారు. ఆ చూపులో రూలు కాక ఇంకేదో ఉందని కూర్మారావుకి అనిపించింది. 'శస్త్రచికిత్సకు నా తరఫున హాజరగుటకు శ్రీమతి తవిటమ్మను నియమించడమైనది' అన్న కాగితం మీద కమిషనర్ గారు సంతకం పెట్టారు. పెట్టి, మిగిలిన పెసరట్టు ఇవ్వమని అడిగారు. శస్త్రచికిత్స కానున్న మనిషి ఏమీ తినరాదని డాక్టర్లు ఇవ్వలేదు.

అంబులెన్సు సైరనుతో, ముందొక పోలీసు జీపుతో తవిటమ్మ బయలుదేరింది. దారి పొడవునా సిబ్బంది తమకు అందిన ఆదేశం ప్రకారం ఆవిడని సార్ అనే పిలిచారు. నొప్పిగా ఉందా సార్, కొంచెం పక్కకి తిరగండి సార్ అన్నారు. కూడా వెళ్లిన కూర్మారావుని ఆవిడ భయంగా చెయ్యి పట్టుకు అడిగింది, ఈల్లకి మతి బాగుందా బాబూ అని. బాగానే ఉంది, నువ్వు పలుకుతూ ఉండమ్మా అన్నాడాయన.

ఆపరేషన్ ఆరు గంటలు పట్టింది. ఉబ్బిన ముక్క తీసేసి కృత్రిమ గొట్టం అతికారు. బుడగ ఇంకో వారం ఆగేది కాదని పెద్ద సర్జన్ చెప్పినప్పుడు కూర్మారావు ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఇక్కడ కమిషనర్ గారు కూడా ఆరు వారాలు మెడికల్ సెలవులో ఉండాల్సి వచ్చింది. ఆపరేషన్ అయిన మనిషి ఆఫీసుకి రాకూడదు కదా. ఆయనకి ఉప్పు లేని కూడు పెట్టారు, మెట్లు ఎక్కనివ్వలేదు. పళ్ల బుట్టలు పట్టుకుని అధికారులు వరసగా వచ్చి, చాలా చిక్కిపోయారు సార్ అన్నారు. ఉప్పు లేని కూడు తిని నిజంగానే చిక్కారు. రెండో వారానికి ఆయనే ఛాతీ మీద చెయ్యి వేసుకుని, కుట్లు కొంచెం లాగుతున్నాయయ్యా అనడం మొదలుపెట్టారు.

తవిటమ్మ ఇంటికి వచ్చింది. కార్ఖానాలో పొట్టు తీసే పని మాని, కూర్చుని పప్పు ఏరే పనికి మారింది. జబ్బుకి ఈసారి రాసిన మందు బాగా ఖరీదైనది, కూర్మారావు జీతానికి కూడా అందనిది. అది నెలనెలా కమిషనర్ కార్యాలయం నుంచి లక్క ముద్ర వేసిన కవరులో వచ్చేది. తవిటమ్మ వచ్చి 'కమిషనర్ తరఫున' అని వేలిముద్ర వేసి తీసుకునేది. అంతా సవ్యంగా సాగుతుండగా కమిషనర్ గారికి బదిలీ అయింది.

కూర్మారావుకి మళ్లీ నిద్ర పట్టలేదు. జబ్బు కమిషనర్ గారితోపాటు కొత్త శాఖకి పోతే, మందు కూడా అక్కడికే పోతుంది. ఆ శాఖ చేపలది. పరుగెత్తి భుజంగరావు దగ్గరికి వెళ్లాడు. భుజంగరావు తాపీగా బాధ్యతల అప్పగింత పత్రం నకలు తీసి బల్ల మీద పెట్టారు. మంజూరు హోదాకి గాని మనిషికి కాదు గనక, హోదాకి చెందినవన్నీ హోదాతోనే ఉంటాయి. జాబితా చక్కగా టైపు చేసి ఉంది. ప్రభుత్వ వాహనం, ఒకటి. నివాస గృహం, ఒకటి. లాప్‌టాప్, ఒకటి. బృహద్ధమని వాపు, ఒకటి, శస్త్రచికిత్స పూర్తి, మందులు వాడుకలో ఉన్నవి. కింద 'పైవన్నియు సరిచూచుకొని స్వీకరించడమైనది' అని కొత్త కమిషనర్ సంతకం. ఆ కొత్త కమిషనర్ గారు లాప్‌టాప్‌కి చార్జరు ఉందా అని మాత్రమే అడిగారట.

కొత్త కమిషనర్ గారి దృష్టి ప్లీహం మీద పడింది. ధమనుల ఫ్లెక్సీలు దించేశారు. ఆసుపత్రిలో ఇప్పుడు ప్లీహాలు చూస్తున్నారు, నెలకు అరవై.

ఆ నెల మందు కవరు తీసుకోవడానికి తవిటమ్మ వచ్చినప్పుడు కూర్మారావు అలవాటుగా ఆవిడ ఎడమ చెయ్యి పట్టుకు చూశాడు. సర్జన్లు ఆ కొమ్మని కూడా బాగుచేసినట్టున్నారు, వేళ్ల కింద నాడి సన్నగా కొట్టుకుంటోంది. ఆయన చాలాసేపు వదల్లేదు. తవిటమ్మ కవరు మీది అక్షరాలు చూస్తూ, ఇందులో తన పేరు ఎక్కడుందో చూపించమంది. లేదని చెప్పాడు.

"కోసింది నన్ను. మింగతన్నది నాను. మరి ఈ జబ్బు నాదని ఎప్పుడు రాస్తారు బాబూ?"

కూర్మారావుకి అబద్ధం చెప్పడం రాదు. నీదని రాసిన రోజున మందు ఆగిపోతుందమ్మా అన్నాడు. తవిటమ్మ కవరు కొంగులో చుట్టి నడుముకి దోపుకుంది.

"అయితే జబ్బు ఆల్ల కాడే ఉండనీండి" అని, వేలిముద్ర వేయడానికి సిరా డబ్బా అందుకుంది.